కారులోకి వాన నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో పట్టుకోవడం ఎలా? మొదటి నుంచి చివరి దాకా

వాన పడిన మర్నాడు డోర్ తీయగానే ముక్కిన వాసన వస్తోంది, మ్యాట్ ఎత్తి చూస్తే కింద కార్పెట్ చెమ్మగా తగులుతోంది. ఇలా ఉంటే చాలామంది మొదట చేసే పని వెళ్లి సీలెంట్ ట్యూబు కొనుక్కురావడం. దయచేసి ఆ పని ఇప్పుడే చేయకండి. తడి ఉన్న చోటికి దగ్గర్లో ఏదో ఒక సందు ఎప్పుడూ కనిపిస్తుంది, దాని నిండా సిలికాన్ పూసేస్తారు, నాలుగు రోజులు ఎండ కాస్తుంది, లీకేజీ ఆగిపోయిందనుకుంటారు, మళ్లీ వాన రాగానే మళ్లీ అదే తడి. ఈసారి పాత లీకేజీతో పాటు గీకి తీయాల్సిన సిలికాన్ కూడా ఉంటుంది. చుక్క లోపలికి దిగే చోటు మీ కళ్లతో చూసేదాకా దేనికీ ఏదీ పూయొద్దు. కింద రాసిందంతా ఆ చుక్కను చూడటం కోసమే.

నీరు పల్లమెరుగు అంటారు కదా, కారులో ఇది అక్షరాలా నిజం. తడిసిన చోటు నీళ్లు ఆగిన చోటు మాత్రమే, వచ్చిన చోటు కాదు. పైకప్పు మీద యాంటెన్నా దగ్గర దిగిన నీళ్లు లోపలి రూఫ్ లైనింగ్ పైభాగంలోనే పాకి, పక్కనున్న పిల్లర్ (పైకప్పుని మోసే స్తంభం) లోపలి నుంచి జారి, డోర్ గడప వెంబడి పోయి, చివరికి వెనక సీటు కాళ్ల దగ్గర తేలతాయి. వైరింగ్ కట్ట ఎటు పోతే దాన్ని పట్టుకుని అటు పోతాయి. కారు ఏటవాలులో ఆపితే ఒక వైపు, బ్రేక్ వేస్తే ఇంకో వైపు కదులుతాయి. అందుకే తడి దగ్గర మొదలుపెట్టి, నీళ్లు వచ్చిన దారి వెంబడే వెనక్కి, అంటే పైకి వెతుక్కుంటూ వెళ్లాలి.

అసలు అది వాన నీరేనా

ఇది తేల్చుకోకుండా పైపు పట్టుకుని బయట నీళ్లు కొట్టడం మొదలుపెడితే రోజంతా వృథా అవుతుంది. క్యాబిన్ తడవడానికి వాన కాకుండా ఇంకో మూడు కారణాలు ఉంటాయి.

ఒకటి ఏసీ. డ్యాష్‌బోర్డ్ లోపల ఉండే ఎవాపరేటర్ చల్లబడినప్పుడు గాలిలోని తేమ దాని మీద నీళ్లుగా మారుతుంది, ఆ నీళ్లు సన్నటి పైపు గుండా కారు కిందికి కారిపోవాలి. పైపు దుమ్ముతోనో ఆకుల పొట్టుతోనో మూసుకుపోతే ఆ నీళ్లే లోపల పడతాయి, చాలా కార్లలో డ్రైవర్ పక్క సీటు కాళ్ల దగ్గర. గుర్తుపట్టడం తేలిక: వాన లేని రోజున కూడా ఏసీ వాడాక తడి వస్తుంది, పైగా ఏసీ వేసి ఆపిన కారు కింద మామూలుగా కనిపించే నీళ్ల చుక్కలు కనిపించవు. ఇది పెద్ద రిపేరు కాదు, ఆ పైపు శుభ్రం చేస్తే చాలు.

రెండోది కూలెంట్. డ్యాష్‌బోర్డ్ లోపలే హీటర్ కోసం చిన్న రేడియేటర్ లాంటిది ఉంటుంది, అది కారితే కూడా తడి అదే చోట కనిపిస్తుంది. తెల్ల టిష్యూ పేపర్‌తో అద్ది చూడండి. ఆకుపచ్చ, ఎరుపు, నీలం లాంటి రంగు కనిపించినా, వేళ్ల మధ్య జిగురుగా అనిపించినా, కొంచెం తియ్యటి వాసన వచ్చినా, ముందు అద్దానికి లోపలి వైపు జిడ్డు పొగలా పట్టినా అది వాన కాదు. కూలెంట్ విషం, అది కార్పెట్‌లో ఉన్నంత కాలం పిల్లల్ని, పెంపుడు జంతువుల్ని కారుకి దూరంగా ఉంచండి, వెంటనే మెకానిక్‌కి చూపించండి.

మూడోది వెనక అద్దం వైపర్‌కి వెళ్లే వాషర్ పైపు. చాలా హ్యాచ్‌బ్యాక్‌లలో, ఎస్‌యూవీలలో ఇది ముందు నుంచి వెనక దాకా క్యాబిన్ లోపలి నుంచే పోతుంది, మధ్యలో జాయింట్ ఊడితే వాషర్ నొక్కిన ప్రతిసారీ లోపల తడుస్తుంది. సబ్బు వాసన ఉంటే ముందు ఇటు చూడండి.

ఈ మూడూ కాదని తేలాకే వాన మీద పడదాం.

తడిని చూసి దారి ఊహించడం

పైపు తెచ్చేముందు కాసేపు ఆలోచిస్తే వెతికే చోటు సగానికి సగం తగ్గిపోతుంది. కారు కదలకుండా నిలబడి ఉన్నప్పుడు కూడా తడుస్తోందా, లేక తడి రోడ్డు మీద నడిపినప్పుడే తడుస్తోందా? నడిపినప్పుడే అయితే చక్రాలు చిమ్మే నీళ్లు కింది నుంచి వస్తున్నట్టు లెక్క, అంటే ఫ్లోర్‌కి ఉండే రబ్బరు మూతలు, చక్రాల పైన ఉండే షీటు అతుకులు. లేదా వేగంలో గాలి ఒత్తిడికి డోర్ రబ్బరు బయటికి లాగబడి సందు ఇస్తూ ఉండొచ్చు. నిలబడి ఉన్నప్పుడే తడిస్తే పై నుంచి వస్తున్నట్టే.

ముక్కు కిందికి ఉండేలా ఆపితే ముందు, ముక్కు పైకి ఉండేలా ఆపితే వెనక తడుస్తోందా అన్నది కూడా గమనించండి. పెద్ద వాన పడ్డాక మొదటి మలుపులోనో, మొదటి బ్రేక్‌కో రూఫ్ ల్యాంప్ దగ్గర నుంచి ఒక్కసారిగా నీళ్లు జారితే దాదాపుగా సన్‌రూఫ్ డ్రెయిన్లే. డోర్ తెరిచినప్పుడు డోర్ లోపల నీళ్లు కదిలిన చప్పుడు వస్తే డోర్ అడుగు రంధ్రాలు మూసుకుపోయాయి. స్టెప్నీ పెట్టే గుంటలో నీళ్లు నిలిస్తే వెనక లైట్లు, డిక్కీ రబ్బరు, వెనక బంపర్ లోపలి గాలి కిటికీలు, ఈ వరుసలో అనుమానించండి. ముందు కాళ్ల దగ్గర, అదీ పైన పెడల్స్ వెనకున్న గోడ నుంచి కారుతుంటే బానెట్ వెనక, వైపర్ల కింద ఉండే తొట్టి.

ఇంకో ముఖ్యమైన ప్రశ్న: ఈ మధ్య ఈ కారుకి ఏం పని చేయించారు? ముందు అద్దం మార్చారా, స్పీకర్లు వేయించారా, రివర్స్ కెమెరా బిగించారా, పైన క్యారియర్ పెట్టారా, డెంటింగ్ పని జరిగిందా? లీకేజీలు చాలావరకు ఎవరో ఒక చోట విప్పి సరిగ్గా బిగించకపోవడం వల్లే మొదలవుతాయి, కాబట్టి చివరిసారి చెయ్యి పడిన చోటే మొదటి అనుమానం.

లోపల విప్పడం, ఆరబెట్టడం

తడిసిన కార్పెట్ మీద కొత్త చుక్క కనిపించదు. కాబట్టి ముందు లోపల ఎండిపోవాలి, వెతుకులాటలో ఇది తప్పించుకోలేని పని. మ్యాట్లు తీసేయండి. డోర్ గడప మీద ఉండే ప్లాస్టిక్ పట్టీ క్లిప్పులతో ఉంటుంది, ప్లాస్టిక్ ట్రిమ్ టూల్‌తో మెల్లగా పైకి లేపితే వస్తుంది, స్క్రూడ్రైవర్ పెట్టి లేపితే పెయింటూ పోతుంది, క్లిప్పులూ విరుగుతాయి. గడప పట్టీ వచ్చాక కార్పెట్ అంచు పట్టుకుని ఎత్తి కింద చెయ్యి పెట్టి చూడండి. పైన పొడిగా తగిలే కార్పెట్ కింద మందపాటి ఫోమ్ ఉంటుంది, అది లీటర్ల కొద్దీ నీళ్లు పీల్చుకుని ఉంటుంది, అందుకే పైన ఎంత తుడిచినా వాసన పోదు.

ఇక్కడ కొన్ని జాగ్రత్తలు చెప్పాలి, తేలిగ్గా తీసుకోకండి. చాలా కార్లలో సీట్ల కింద, కార్పెట్ కింద వైరింగ్ కనెక్టర్లు, కొన్నిట్లో కంట్రోల్ మాడ్యూళ్లు ఉంటాయి. వాటి దగ్గర నీళ్లు నిలిచి ఉంటే ఇగ్నిషన్ ఆన్ చేయకండి, ముందు బ్యాటరీ నెగటివ్ తీసేసి నీళ్లు తోడండి. సీట్ల కింద కనిపించే పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌లకీ సీట్‌బెల్ట్ టెన్షనర్లకీ సంబంధించినవి. సీటు విప్పాలంటే బ్యాటరీ తీసి, సర్వీస్ మాన్యువల్‌లో చెప్పినంత సేపు ఆగాకే వాటిని ముట్టుకోవాలి, అవి ఊడదీసి ఉండగా ఇగ్నిషన్ వేస్తే ఎయిర్‌బ్యాగ్ వార్నింగ్ లైటు వెలిగి అలాగే ఉండిపోతుంది. ముందు అద్దం పక్కనున్న పిల్లర్ కవర్ వెనక కూడా కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉండొచ్చు, దానికీ ఇదే నియమం. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో ఆరెంజ్ రంగు కేబుళ్లు కనిపిస్తే వాటి జోలికి అసలు వెళ్లొద్దు.

తడి, పొడి రెండూ లాగే వ్యాక్యూమ్ ఉంటే కార్పెట్ మీద గట్టిగా నొక్కి లాగండి. లేకపోతే పాత తువ్వాళ్లు పరిచి పైన నిలబడి తొక్కండి, తడిసినవి పిండి మళ్లీ పరచండి. తర్వాత కార్పెట్ కింద ఏదైనా అడ్డం పెట్టి ఎత్తి ఉంచి, ఫ్యాన్ గాలి నేరుగా కిందికి తగిలేలా పెట్టండి. తలుపులు మూసి ఎండలో పెడితే ఆ తేమంతా ఆవిరై లోపలే తిరుగుతుంది, అద్దాలు దించి ఉంచాలి. ఫోమ్ పూర్తిగా ఆరడానికి రోజులు పడుతుంది, కానీ వెతకడానికి అంతదాకా ఆగక్కర్లేదు, కార్పెట్ మడిచి పైకి కట్టేసి కింది షీటు మాత్రం పొడిగా తుడిస్తే చాలు.

నీళ్లు పోసే పద్ధతి

మీతో పాటు ఇంకొకరు కావాలి. ఒకరు లోపల టార్చ్ పట్టుకుని, ఒకరు బయట పైపు పట్టుకుని. పైపుకి నాజిల్ వద్దు, ప్రెషర్ వాషర్ అసలే వద్దు. ప్రెషర్‌తో కొడితే మంచి రబ్బరులోంచి కూడా నీళ్లు దూరతాయి, లేని లీకేజీ ఒకటి కనిపెట్టి దాని వెంట పడతారు. వాన నీళ్లు ఎలా జారతాయో అలా, సన్నటి ధారగా, మెల్లగా పోయాలి.

కింది నుంచి పైకి రావాలి. ఈ పద్ధతిలో ఒక్క నియమం మాత్రమే గుర్తుంచుకుంటానంటే ఇదే గుర్తుంచుకోండి. పైకప్పు మీద నీళ్లు పోస్తే అవి అద్దం మీదికి, డోర్ మీదికి, అడుగు దాకా అన్నింటినీ తడుపుతూ వస్తాయి, లోపల చుక్క పడితే అది దేనిలోంచి వచ్చిందో తేలదు. అదే ముందు డోర్ అడుగు భాగం, తర్వాత డోర్ పక్క, తర్వాత అద్దం అంచు, ఆఖరికి పైకప్పు అని వెళితే, చుక్క ఏ మెట్టు దగ్గర మొదలైందో అక్కడే ఉంది తప్పు. ఒక్కో చోట 5 నుంచి 10 నిమిషాలు పోయాలి. నీళ్లు లోపలి అరలు నిండి, దారి వెతుక్కుని వచ్చేసరికి సమయం పడుతుంది, రెండు నిమిషాలు పోసి ఇక్కడ లేదని పక్కకి జరిగితే ఆ లీకేజీ పది నిమిషాల తర్వాత ఇంకో చోట పోస్తుండగా బయటపడి మిమ్మల్ని తప్పుదోవ పట్టిస్తుంది.

లోపల కూర్చున్న మనిషి పని చూస్తూ ఉండటమే, ఫోన్ చూడకుండా. పిల్లర్ల అడుగున, గడప వెంట, పెడల్స్ వెనక గోడకి పొడి టిష్యూ పేపర్లు టేపుతో అతికించి పెట్టండి, చిన్న చుక్క పడ్డా మచ్చ కనిపిస్తుంది. చుక్క కనిపించగానే అరవాలి, బయటి మనిషి వెంటనే పైపు ఆపాలి, ఆ క్షణంలో ఏ చోట పోస్తున్నారో మాస్కింగ్ టేపుతో గుర్తు పెట్టాలి. తర్వాత తుడిచి, ఆరనిచ్చి, అదే చోట మళ్లీ పోయాలి. రెండోసారి కూడా చుక్క పడితేనే నమ్మాలి.

ఇంకో మాట, ఒక లీకేజీ దొరకగానే ఆపేయకండి. పాత కార్లలో రెండు మూడు చోట్ల ఉండటం మామూలే, చుట్టూ మొత్తం పూర్తి చేయండి.

ఒక్కో చోటా ఏం చూడాలి

వైపర్ల కింది తొట్టి. బానెట్ ఎత్తితే అద్దం కింద ప్లాస్టిక్ జాలీ కనిపిస్తుంది, దాని కిందే ఈ తొట్టి. ముందు అద్దం మీద పడిన నీళ్లన్నీ ఇందులోకి వచ్చి రెండు పక్కల డ్రెయిన్ల గుండా కిందికి పోవాలి. చెట్ల కింద ఆపే కార్లలో ఆకులు, పువ్వులు, దుమ్ము కలిసి కుళ్లి మట్టిలా తయారై డ్రెయిన్లు మూసేస్తాయి. నీళ్లు తొట్టిలో పెరిగి, ఏసీ బ్లోయర్‌కి బయటి గాలి వెళ్లే దారిలోకి ఎక్కి, క్యాబిన్‌లోకి దిగుతాయి. జాలీ విప్పి ఆ చెత్త చేత్తో తీసేయండి, ఎట్టి పరిస్థితుల్లోనూ పైపుతో కిందికి తోయకండి, డ్రెయిన్ ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది. చాలా మోడళ్లలో ఏసీ ఫిల్టర్ పెట్టే డబ్బా కూడా ఇక్కడే ఉంటుంది, ఫిల్టర్ మార్చాక మూత సరిగ్గా కూర్చోకపోతే నేరుగా లీకవుతుంది. ఫిల్టర్ తీసి చూడండి, తడిగానో నీటి మరకలతోనో ఉంటే దారి దొరికినట్టే. దీంతో పాటు బానెట్ నుంచి క్యాబిన్‌లోకి వైర్లు దూరే చోట ఉండే రబ్బరు గ్రొమెట్లు చూడండి. అదనపు లైట్లకో, హారన్‌కో వైరు లాగేటప్పుడు గ్రొమెట్ కోసి వదిలేస్తారు, ఆ వైరు వెంటే నీళ్లు లోపలికి వస్తాయి.

సన్‌రూఫ్. దీని గురించి చాలామందికి ఒక అపోహ ఉంటుంది, రబ్బరు అరిగిపోయిందనో సందు ఉందనో. నిజానికి ఆ గ్లాస్ చుట్టూ ఉన్న రబ్బరు నీళ్లను పూర్తిగా ఆపడానికి పెట్టింది కాదు. కొంత నీరు దాటి కింద ట్రేలోకి దిగుతుందని తెలిసే డిజైన్ చేస్తారు. ట్రే మూలల నుంచి సన్నటి పైపులు ముందు పిల్లర్ల లోపలి నుంచీ వెనక పిల్లర్ల లోపలి నుంచీ కిందికి దిగి, నీళ్లను డోర్ కీళ్ల దగ్గరో, చక్రాల దగ్గరో, గడప కిందో వదులుతాయి. కాబట్టి పరీక్ష చేయాల్సింది రబ్బరుని కాదు, పైపుల్ని. సన్‌రూఫ్ తెరిచి, ట్రేలో ఒక మూల చిన్న గ్లాసుతో మెల్లగా నీళ్లు పోయండి. వెంటనే తగ్గిపోయి కారు కింద ధారగా కనిపించాలి. నిలబడిపోతే పైపు మూసుకుంది. ట్రే ఖాళీ అవుతోంది కానీ కింద నీళ్లు రావట్లేదంటే పైపు ట్రే నుంచి ఊడిపోయింది లేదా మధ్యలో చీలింది, ఆ నీళ్లన్నీ లోపలికే పోతున్నాయి, ఆపేయండి. మూసుకున్న పైపుని శుభ్రం చేయడానికి మెత్తటి నైలాన్ తీగ, గడ్డి కోసే మిషన్‌లో వాడే లాంటిది, మెల్లగా తిప్పుతూ దించండి. కంప్రెసర్ గాలి ఎక్కువ ప్రెషర్‌తో కొడితే పైపు ట్రే నుంచి ఊడిపోతుంది, అప్పుడు రూఫ్ లైనింగ్ మొత్తం దించాల్సి వస్తుంది. గట్టి ఇనుప తీగ కూడా వద్దు, పైపుని చీల్చేస్తుంది.

డోర్లు. అద్దం దిగే సందులోంచి వాన నీళ్లు డోర్ లోపలికి దిగడం మామూలే, అందుకే డోర్ అడుగున రంధ్రాలు ఉంటాయి. డోర్ లోపలి షీటుకీ ప్లాస్టిక్ ప్యానెల్‌కీ మధ్య ఒక పలచటి ప్లాస్టిక్ లేదా ఫోమ్ తెర, నల్లటి జిగురు బ్యూటైల్‌తో అతికించి ఉంటుంది. నీళ్లను డోర్ లోపలే ఉంచేది అదే. స్పీకర్ మార్చినప్పుడు, పవర్ విండో మోటార్ బాగు చేసినప్పుడు ఆ తెరని లాగి చించేసి, మళ్లీ అతికించకుండా ప్యానెల్ మూసేస్తారు. ఆ తర్వాత ప్రతి వానకీ నీళ్లు ప్యానెల్ అడుగు నుంచి గడప మీదుగా లోపలికి వస్తాయి. పైన బయటి రబ్బరు ఎంత మార్చినా ఇది ఆగదు. పరీక్ష: డోర్ మూసి, అద్దం కింది అంచు మీద మాత్రమే సన్నగా నీళ్లు పోయండి. అడుగు రంధ్రాల నుంచి బయట కారాలి, లోపల ప్యానెల్ అడుగు అంచు పొడిగా ఉండాలి. రంధ్రాలు మూసుకుని ఉంటే మెత్తటి ప్లాస్టిక్ పుల్లతో తెరవండి. ప్యానెల్ తడిస్తే విప్పి తెర చూడండి, ఊడిన చోట పాత జిగురు గీకి కొత్త బ్యూటైల్ టేపుతో అతికించండి.

డోర్ చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్‌కి వేరే పరీక్ష ఉంది. ఒక పేపర్ ముక్క పెట్టి డోర్ మూసి, మెల్లగా లాగండి. కొంచెం బిగువుగా రావాలి. చుట్టూ కొద్ది కొద్ది దూరంలో ఇలా చేస్తూ వెళ్లండి, ఎక్కడ జారిపోతే అక్కడ రబ్బరు నొక్కుకోవట్లేదు. రబ్బరు చిరగకపోయినా అణిగిపోయి ఉండొచ్చు, లేదా డోరే కిందికి వాలి ఉండొచ్చు, అలాంటప్పుడు రబ్బరు మార్చడం కంటే డోర్ కీళ్లు, లాచ్ సర్దించడమే సరైన పని.

ముందు, వెనక అద్దాలు. ఇవి రబ్బరు మీద కాదు, యూరిథేన్ జిగురు మీద నిలబడి ఉంటాయి. అద్దం మార్చినప్పుడు జిగురు వరుసలో చిన్న ఖాళీ వదిలినా, పాత జిగురు గీకేటప్పుడు పెయింట్ గీరుకుపోయి అక్కడ తుప్పు పట్టినా నీళ్లు దారి చేసుకుంటాయి. పిల్లర్ కవర్ తీసి అద్దం అంచు వెంట వేలు పెట్టి చూడండి, టార్చ్ కొడితే నీటి చార, తుప్పు గీత కనిపిస్తాయి. బయటి నుంచి అంచు మీద సిలికాన్ పూయడం పరిష్కారం కాదు. వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్ ఇనుముకి తుప్పు పట్టిస్తుంది, పైగా సిలికాన్ అంటిన చోట తర్వాత యూరిథేన్ సరిగ్గా అతుక్కోదు. అద్దం జిగురు విషయంలో మాత్రం అద్దాలు బిగించే మనుషుల దగ్గరికే వెళ్లండి. ప్రమాదంలో ఆ అద్దం ఊడకుండా నిలవడం మీద మీ ప్రాణం ఆధారపడి ఉంటుంది, ఇంట్లో చేసే పని కాదు.

పైకప్పు. యాంటెన్నా అడుగు రబ్బరు, క్యారియర్ బోల్టులు, పొడుగ్గా పోయే నల్ల పట్టీల కింద ఉండే షీటు అతుకు. ఆ అతుకు మీద పూసిన సీమ్ సీలర్ పాతబడి పగుళ్లు వస్తుంది. రూఫ్ లైనింగ్ మీద గోధుమ రంగు మరక ఉంటే దాని మధ్య నుంచి పైకి చూడకండి, మరక అంచుల్లో ఎత్తుగా ఉన్న వైపు చూడండి.

డిక్కీ. ఇక్కడ లోపల ఒక మనిషి కూర్చోవాలి. వెనక సీటు మడిచి బయటికి వచ్చే దారి ఉంచుకోవాలి, తాళం లోపలి మనిషి దగ్గరే ఉండాలి, పిల్లల్ని ఈ పనికి పెట్టకూడదు. లోపలి కవర్లన్నీ తీసేసి, టార్చ్ ఆర్పి కూర్చుంటే పగటిపూట కొన్నిసార్లు వెలుగే సన్నటి గీతలా కనిపించి చోటు చెప్పేస్తుంది. వెనక లైట్ల రబ్బరు గ్యాస్కెట్లు ఎక్కువగా దోషులు, బల్బు మార్చినప్పుడు లైటు వంకరగా బిగిస్తే ఒక మూల లేచిపోతుంది. తర్వాత పైన ఉండే మూడో బ్రేక్ లైటు, డిక్కీ కీళ్లు, వైర్లు దూరే మడత రబ్బరు గొట్టం, నంబర్ ప్లేట్ లైటు, రివర్స్ కెమెరా. వెనక బంపర్ లోపల రెండు పక్కలా గాలి బయటికి పోయే రబ్బరు రెక్కల కిటికీలు ఉంటాయి. డోర్ వేసినప్పుడు గాలి అక్కడి నుంచే పోతుంది. వెనక నుంచి చిన్న దెబ్బ తగిలి బంపర్ మాత్రమే బాగు చేయించుకున్న కార్లలో ఈ కిటికీ చట్రం పక్కకి జరిగి ఉండటం చాలామంది గమనించరు.

ఫ్లోర్. ఫ్యాక్టరీలో పెయింట్ నీళ్లు కారడానికి పెట్టిన రంధ్రాలకి రబ్బరు మూతలు ఉంటాయి, కార్పెట్ ఎత్తితే కనిపిస్తాయి. ఊడినా ఎండిపోయినా కొత్తవి వేయండి. లోపలి నీళ్లు పోతాయని కొందరు ఈ మూత తీసి వదిలేస్తారు, దాని వల్ల తడి రోడ్డు మీద కింది నుంచి కొత్త నీళ్లు వస్తాయి.

పైపుకి దొరకనప్పుడు

కొన్ని మొండి లీకేజీలు ఉంటాయి, పైపుతో పోస్తే రావు, రాత్రంతా వాన పడితే వస్తాయి. వాటికి పౌడర్ పద్ధతి బాగా పనిచేస్తుంది. అనుమానం ఉన్న చోట, కవర్లు విప్పిన షీటు మీద, పొడిగా తుడిచి టాల్కం పౌడర్ గానీ సుద్ద పొడి గానీ పలచగా చల్లి వదిలేయండి. వాన వచ్చి వెళ్లాక చూస్తే నీళ్లు పాకిన దారి పౌడర్‌లో గీతలా కనిపిస్తుంది, దాని పై చివర పట్టుకుంటే చాలు. నాకు ఇది అన్నింటికంటే ఇష్టమైన పద్ధతి, ఎందుకంటే ఇందులో ఊహించాల్సింది ఏమీ లేదు.

రెండోది సబ్బు నురగ. అద్దాలన్నీ మూసి, ఏసీ బ్లోయర్ బయటి గాలి తీసుకునే మోడ్‌లో పూర్తి స్పీడ్‌లో పెట్టండి. బంపర్ లోపలి గాలి కిటికీలకి చెయ్యి అందితే టేపు వేసి మూయండి, లేకపోతే ఒత్తిడి అక్కడి నుంచే పోతుంది. ఇప్పుడు బయటి నుంచి అద్దాల అంచులకి, డోర్ రబ్బరుకి, పైకప్పు అతుకులకి సబ్బు నీళ్లు స్ప్రే చేస్తే లోపలి గాలి తన్నుకొచ్చే చోట బుడగలు లేస్తాయి. పని అయ్యాక టేపు తీయడం మరిచిపోకండి. ఇంజిన్ ఆన్ చేసి ఇది చేస్తుంటే గాలి ఆడే చోటే చేయండి, మూసి ఉన్న షెడ్‌లో వద్దు.

రెండు చోట్ల అనుమానం ఉండి ఏది అన్నది తేలకపోతే నీళ్లలో అల్ట్రావయొలెట్ లైటుకి మెరిసే రంగు కలిపి ఒక చోట మాత్రమే పోయండి, లోపల ఆ లైటు వేసి చూస్తే తెలిసిపోతుంది. లేత రంగు కార్పెట్ ఉన్న కారులో ముందు ఏ మూలనో ఒక చుక్క వేసి మరక పడుతుందేమో చూసుకోవాలి.

మూసేటప్పుడు

ఇప్పుడు సీలెంట్ బయటికి తీయొచ్చు. షీటు అతుకులకి ఆటోమోటివ్ సీమ్ సీలర్, డోర్ తెరకీ గ్రొమెట్ల చుట్టూ బ్యూటైల్, లైట్లకీ యాంటెన్నాకీ వీలైతే కొత్త గ్యాస్కెట్. ఏది పూసినా కింద పాతది పూర్తిగా గీకి, తుప్పు ఉంటే ఇనుము మెరిసేదాకా రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, ప్రైమర్ కొట్టి ఆరాకే పూయాలి. తుప్పు మీద పూసిన సీలర్ కొన్నాళ్లకే లేచి వస్తుంది, కింద తుప్పు మాత్రం పాకుతూనే ఉంటుంది. నీళ్లు బయటికి పోవడానికి పెట్టిన రంధ్రాన్ని మాత్రం పొరపాటున కూడా మూయకండి, ఏది డ్రెయిన్, ఏది చీలిక అన్నది తేల్చుకుని పూయండి.

ట్యూబు మీద రాసినంత సేపు ఆరనిచ్చి, అదే చోట, అదే పద్ధతిలో 10 నిమిషాలు మళ్లీ నీళ్లు పోయండి. చుక్క రాకపోయినా కార్పెట్, ప్యానెళ్లు వెంటనే బిగించొద్దు. ఒకటి రెండు మంచి వానలు పడేదాకా అలాగే విప్పి ఉంచి, ప్రతి వాన తర్వాత షీటు తడిమి చూడండి. క్యాబిన్ అందవిహీనంగా ఉంటుంది నిజమే, కానీ బిగించేశాక మళ్లీ విప్పడం కంటే అది నయం. ఈ లోపు కార్పెట్ కింది ఫోమ్ కూడా పూర్తిగా ఆరుతుంది. ఫోమ్‌ని రెండు అరచేతుల మధ్య పెట్టి గట్టిగా నొక్కి చూడండి, చేతికి చల్లదనం తగిలితే ఇంకా తేమ ఉన్నట్టే. బూజు పట్టి వాసన పోని ఫోమ్‌ని ఎంత కడిగినా లాభం లేదు, మార్చేయడమే మంచిది, ఆ గాలి పీల్చేది మీరూ మీ ఇంటివాళ్లే. తడిసిన కనెక్టర్లు ఉంటే విప్పి, పచ్చటి పొడి పట్టిందేమో చూసి, ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరాకే కలపండి.

వానాకాలం ముందు తొట్టి, సన్‌రూఫ్ మూలలు, డోర్ అడుగు రంధ్రాలు, ఈ మూడు చోట్లా ఒకసారి చెత్త తీసేయండి. చెట్టు కింద ఆపే కారైతే ఆకులు రాలే కాలంలో ఇంకోసారి.